వరంగల్ శివారులో ప్లాటు కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

మడికొండ, ఉనికిచర్ల, హసన్‌పర్తి, గీసుగొండ, మామునూరు.. ఎటు పోయినా వెంచర్ల బోర్డులే. ఎయిర్‌పోర్టు ఎన్ని నిమిషాలు, టెక్స్‌టైల్ పార్కు ఎన్ని కిలోమీటర్లు అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. మీరు అడగాల్సింది దూరం కాదు, సర్వే నంబరు. అది చెప్పడానికి నసిగే ఏజెంటు దగ్గర టోకెన్ మాటే ఎత్తొద్దు.

టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన 2017లో, కాజీపేట రైల్వే యూనిట్‌కు 2023లో జరిగింది. పనులు నడిచే వేగం వేరు, గజం ధర పెరిగే వేగం వేరు. ప్రకటన వచ్చిన వారంలోనే రేటు ఎక్కి కూర్చుంటుంది. మామునూరు వైపు కొనేవాళ్లకు ఇంకో సంగతి: విమానాశ్రయం చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు పరిమితులుంటాయి. పై అంతస్తులు వేసి కిరాయికి ఇద్దామనుకుంటే ముందే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో కనుక్కోండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది, కొత్త రోడ్డు ఏదైనా దాని మీదుగా పోతుందా అన్నదీ అక్కడే తేలుతుంది.

కాగితాల్లో మొదట లేఅవుట్ ఎల్పీ (అనుమతి) నంబరు, సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన నాలా మార్పిడి ఉత్తర్వు తీసుకోండి. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా ఉండాలి. రెరా సైట్‌లో ఉన్న ప్లాను, మీకు చూపించిన ప్లాను పక్కపక్కన పెట్టి ప్లాటు నంబరు కలపండి. తుది అనుమతి వచ్చేదాకా కొన్ని ప్లాట్లు అనుమతి ఇచ్చే సంస్థకు తనఖాలో ఉంటాయి. మీ ప్లాటు వాటిలో ఉందేమో తప్పకుండా చూడాలి. అనుమతి లేని లేఅవుట్‌లో 2020 ఆగస్టు 26కు (క్రమబద్ధీకరణకు పెట్టిన కటాఫ్ తేదీ) ముందు రిజిస్టర్ కాని ప్లాటు జోలికి పోవద్దు.

ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల పత్రం, కనీసం 30 ఏళ్లకు తీయండి. చాలామంది ప్లాటు నంబరు ఒక్కటే పెట్టి తీసి, ఏమీ రాలేదని సంబరపడతారు. ప్లాట్లు కాకముందు జరిగిన అమ్మకాలు, తనఖాలు అందులో కనబడవు. ఊరి పేరు, సర్వే నంబరు, దాని బై నంబర్లతో మళ్లీ తీయాలి. లింకు డాక్యుమెంట్లలో (పాత అమ్మకం కాగితాల్లో) జీపీఏ, అంటే తన తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చిన పత్రం, ఉంటే ఇచ్చినాయన బతికి ఉన్నాడా అని అడగండి. ఆయన పోతే మామూలు జీపీఏ చెల్లదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా చూడండి. అసైన్డ్ భూమి, చెరువు శిఖం ఎంత చవకగా వచ్చినా వద్దు. చేతిలో డబ్బున్నా బ్యాంకులో లోనుకు పెట్టి చూడండి. వాళ్ల వకీలు వద్దన్న ప్లాటును మీరు తీసుకోవడంలో అర్థం లేదు.

ఇక నీళ్లు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒకటి మత్తడి పోస్తే ఆ నీళ్లు కిందిదాంట్లోకి పోతాయి. ఆ దారి పూడ్చి ప్లాట్లు చేసినా నీళ్లు పాత దారినే వెతుక్కుంటాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో నగరం మునిగినప్పుడు అందరూ చూసిందే. ఊరి నక్షాలో వాగు, కాలువ గీతలు చూడండి. చెరువు 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అందులో ఇంటికి అనుమతి రాదు. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి. అక్కడ బర్లు కాసేవాళ్లను "మత్తడి పోస్తే నీళ్లు ఎందాక వస్తయి?" అని అడిగితే, బ్రోచర్‌లో లేనిది తెలుస్తుంది.

పాత వరి మడైతే రోడ్డు కంటే కిందికే ఉంటుంది. 150 గజాలంటే 1,350 చదరపు అడుగులు. రెండడుగులు ఎత్తాలంటే 2,700 ఘనపుటడుగుల మొరం. ట్రాక్టరుకు వంద చొప్పున 27 ట్రిప్పులు లెక్కకొస్తాయి గానీ, మొరం తొక్కుకుపోతుంది కాబట్టి 33 దాకా పడతాయి. నల్లరేగడి అయితే పునాది ఖర్చు కూడా పెరుగుతుంది. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల మీద మామూలు పునాది వేస్తే గోడలు పగులుతాయి.

టేపు పట్టుకుని పోండి. 30×45 ప్లాటుకు నాలుగు పక్కలు కొలిస్తే సరిపోదు. మూల నుంచి మూలకు రెండు వైపులా 54 అడుగుల ఒక అంగుళం రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ప్లాటు వంకర, గజాలు కూడా తక్కువే.

అక్కడే ఉండాలనుకునేవాళ్లు పక్కింటివాళ్లను బోరు ఎన్ని అడుగులకు పడింది, మే నెలలో నీళ్లు ఉంటాయా, భగీరథ నల్లా వస్తుందా అని అడగాలి. కరెంటు స్తంభం ఎంత దూరమో, రాత్రి హన్మకొండ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. రాంపూర్ డంపింగ్ యార్డు వైపైతే సాయంత్రం గాలి వీచేటప్పుడు పోయి నిలబడండి. కోతుల బెడద ఉన్నచోట కిటికీలకు జాలీల ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 0.5. గజం 12,000 చొప్పున 150 గజాలు 18 లక్షలైతే, 1,35,000. దీన్ని తగ్గించుకోవడానికి డాక్యుమెంటులో తక్కువ రాయిస్తే లోను తగ్గుతుంది, అమ్మేనాడు పన్ను పెరుగుతుంది. అడ్వాన్సు చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో ఇవ్వండి. స్థలం అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ ఒకసారి ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. ఖాళీ స్థలం పన్ను మీ పేరిట పెట్టించి, నాలుగు మూలలా కడీలు పాతి, కంచె వేయించండి.