ఎండలు ముదరకముందే: చెమట పని చెమటను చేయనివ్వండి

ఎండ 44 డిగ్రీలున్నా మన ఒళ్లు 37 దగ్గరే నిలబడుతోందంటే, మెదడులోని హైపోథాలమస్ కాపలా కాస్తోందన్నమాట. రక్తం కాస్త వేడెక్కగానే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. వేడి దిగితే చెమటా తగ్గుతుంది. దీన్నే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. రోహిణి కార్తెలో కూడా ఈ ఏర్పాటు పనిచేస్తుంది, దాన్ని మనం చెడగొట్టకపోతే.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది. ఏసీ ఆఫీసు నుంచో అమెరికా నుంచో వచ్చి, మర్నాడే మిట్టమధ్యాహ్నం పెళ్లిపనులకు తిరగకండి. కూలిపనికి కొత్తగా దిగేవాళ్లు మొదటి రోజుల్లో సగం పనే చేయాలి, అదీ పదకొండు లోపే.

అసలు చిక్కు నీళ్ల దగ్గర. ఎండలో బరువు పనికి గంటకు లీటరు చెమట పోవచ్చు. అలా పోతూ ఉంటే రక్తం పరిమాణం తగ్గుతుంది. బీపీ పడిపోకుండా శరీరం చర్మానికి రక్తం తగ్గిస్తుంది, చెమటనూ బిగబడుతుంది. గుండెను కాపాడే ఏర్పాటు, వేడిని దించే ఏర్పాటుకు అడ్డుపడుతుంది. వడదెబ్బకు దారి ఇక్కడే. దాహం వేసేసరికే కొంత ఆలస్యమవుతుంది, ముసలివాళ్లకైతే దాహమే సరిగా తెలియదు. అమ్మమ్మ అడగలేదని ఊరుకోకుండా గంట గంటకూ గ్లాసు చేతికివ్వండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదని లెక్క.

గంటల తరబడి చెమటోడ్చేవాళ్లు ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కలిపి తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. అది దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు, నీళ్లు, మాత్రల సంగతి ఎండలకు ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. జేబులో ఉల్లిపాయ మీ ఇష్టం, చేతిలో నీళ్ల సీసా మాత్రం ఉండాలి.

రామగుండం పొడి ఎండతో పోలిస్తే మచిలీపట్నంలో డిగ్రీలు తక్కువే కదా అనుకోవద్దు. ఉక్కపోతలో చెమట కారిపోతుందే గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

మనిషి తడబడుతూ మాట్లాడినా, తికమకపడినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. పారాసిటమాల్ ఇవ్వకండి. జ్వరంలో హైపోథాలమస్ తన లెక్కను తానే పైకి జరుపుతుంది, మాత్ర దాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ లెక్క 37లోనే ఉంటుంది, ఒళ్లే దాన్ని అందుకోలేకపోతుంది. మాత్రకు అక్కడ పనిలేదు, పైగా లివర్‌కు చేటు. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.