మెమరీ కార్డులో పోయిన ఫోటోలు తిరిగి తీయడం ఎలా? ముందు ఆ కార్డు మీద నుంచి చెయ్యి తీయండి

ఫోటోలు పోయాయని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: "పోయినంక ఏం చేసిన్రు?" ఎట్లా పోయాయో నాకు అక్కర్లేదు. డిలీట్ కొట్టారా, ఫార్మాట్ అయిందా, పిల్లలు నొక్కారా, అదంతా తర్వాత. పోయిన తర్వాత ఆ కార్డుతో ఏం చేశారన్న దాన్ని బట్టే ఎన్ని దొరుకుతాయో చెప్పొచ్చు.

చేర్వుగట్టు జాతర అయ్యాక దేవరకొండ దిక్కు నుంచి ఒక పెద్దాయన నల్లగొండకు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. దస్తీ కొసకు ముడి, ఆ ముడిలో చిటికెన వేలి గోరంత కార్డు. గుట్ట మీద మనవరాలి పుట్టెంట్రుకలు తీసినప్పటి ఫోటోలు అందులో ఉండేవి. కెమెరా ఏదో అడిగితే పిల్లవాడు ఓకే కొట్టాడు, ఫార్మాట్ అయింది. అంతవరకు భయం లేదు. కార్డు పని చేస్తుందా లేదా చూద్దామని దాన్ని ఫోన్లో పెట్టి ఇరవై వీడియోలు తీశారు. కొంప ముంచింది అవే. నాలుగు వందల పైచిలుకు ఫోటోల్లో తొంభై చేతికొచ్చాయి. వాటిలోనూ కొన్నింట్లో పాప నుదురు, కళ్లు ఉన్నాయి, ముక్కు కింద నుంచి ఉత్త బూడిద రంగు పలక.

అట్లా ఎందుకవుతుందంటే, ఫోటో డిలీట్ చేస్తే కార్డులో ఫోటో చెరిగిపోదు. కార్డులోని ఫైళ్ల జాబితాలోంచి పేరు మాత్రం పోతుంది, ఊరి భూముల లెక్క రాసే పహాణీలో పేరు కొట్టేసినట్టు, అంతే. పేరు పోయినా చెల్కలో పంట అట్లనే నిలబడి ఉంటుంది, ఇంకొకరు వచ్చి నాగలి పెట్టేదాకా. కెమెరాలో ఫార్మాట్ కూడా చాలామటుకు కొత్త పహాణీ రాయడమే, పంట జోలికి పోదు. కానీ మీరు కొత్తగా తీసే ఒక్కో ఫోటో, ఒక్కో వీడియో ఆ చెల్కలో ఒక సాలు దున్నినట్టే. దున్నిన చోట ఎవరూ ఏమీ చేయలేరు, నేనే కాదు, హైదరాబాద్‌లో వేలకు వేలు అడిగేవాళ్లు కూడా.

కంప్యూటర్లో చేసే ఫార్మాట్ సంగతి వేరు. అక్కడ "క్విక్ ఫార్మాట్" గడిలో టిక్ ఉంటే ఆశ ఉంటుంది. టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ విస్టా నుంచి ఇప్పటిదాకా ప్రతి విండోసూ డిస్కంతా సున్నాలు రాస్తుంది. అప్పుడిక ఈ వ్యాసం చదవక్కర్లేదు.

కావాల్సినవి

ఒక కంప్యూటరు, ఒక కార్డు రీడరు. పెద్ద ఎస్‌డీ కార్డయితే పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, కార్డు మీద కొత్తగా ఏదీ రాయకుండా దాన్ని కిందికి జరపండి. చిన్న కార్డయితే అడాప్టర్లో పెట్టి దాని లాకు జరపండి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే పని కాదు, కార్డును బయటికి తీయాల్సిందే.

సాఫ్ట్‌వేర్ పేరు ఫోటోరెక్. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాశాడు, 2002 నుంచి ఉంది, జీపీఎల్ లైసెన్సు కింద పూర్తిగా ఉచితం. సీజీసెక్యూరిటీ డాట్ ఆర్గ్ అని అడ్రస్ బార్లో మీరే టైప్ చేసి వెళ్లండి. గూగుల్లో వెతికి మొదట కనబడ్డ పచ్చ రంగు డౌన్‌లోడ్ బటన్ నొక్కేవాళ్ల వల్లే నాకు సగం ఆదివారాలు పోయాయి. టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ప్రోగ్రాంతో కలిపి ఒకే జిప్ ఫైలుగా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేది లేదు, జిప్ విప్పి క్యూఫోటోరెక్ అనే ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు. పర్మిషన్ అడిగితే అవుననండి. ఇంకోటి నల్ల తెరతో ఉంటుంది, అది మనకొద్దు.

మరి రికువా అనే ఇంకో ప్రోగ్రాం సంగతేంటని అడుగుతారు, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నిన్న డిలీట్ చేసిన ఒక వర్డ్ ఫైలుకు రికువా మంచిదే, చాలాసార్లు పేరుతో సహా తెస్తుంది. కానీ అది ప్రధానంగా మిగిలిన పహాణీని చూసి వెతికే రకం. పహాణీయే చిరిగిపోతే దానికి దిక్కు తోచదు. ఫోటోరెక్ పహాణీని పక్కన పడేసి గట్లెంట నడుచుకుంటూ పోయి, ఇది వరి, ఇది పత్తి అని పంటను చూసి పోల్చుకుంటుంది. జేపెగ్ ఫోటో ఏ కెమెరాదైనా మొదటి మూడు బైట్లు ఒకటే: ఎఫ్ఎఫ్, డి8, ఎఫ్ఎఫ్. అట్లాంటి గుర్తులతో 480కి పైగా రకాల ఫైళ్లను పోల్చుకోగలదు. డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ల గురించి నన్ను అడగకండి. "ఉచితం" అని చెప్పి, గంటసేపు వెతికి, మీ పిల్లల మొఖాలు చిన్న చిన్న బొమ్మలుగా చూపించి, సేవ్ నొక్కగానే కార్డు నంబరు అడిగేవి అవి. ఏడ్చేవాడి దగ్గర బేరం అది.

అసలు గండం

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఇక్కడి నుంచి జర ఆగి ఆగి చదవండి, ఫోటోలు నిజంగా పోయేది ఇక్కడే.

కార్డు పెట్టగానే విండోస్ ఒక పెట్టె చూపించొచ్చు. "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అంటుంది. లేదా "ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా" అంటుంది. రెండింటికీ వద్దనండి. రెండోది మంచి మాటలాగే వినబడుతుంది, అందుకే ఎక్కువమంది దానికే దొరుకుతారు. సరిచేయడమంటే దాని లెక్కలో పహాణీని సరిచేయడం. లెక్కకు రాని ముక్కలను కత్తిరించి ఫౌండ్ అనే ఫోల్డర్లో కుప్పపోస్తుంది, అదీ మీ కార్డు మీదే రాసి. పెట్టెను మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేయండి.

ఇప్పుడు క్యూఫోటోరెక్ తెరవండి. తెరిచే ముందు కంప్యూటరుకున్న మిగతా పెన్‌డ్రైవులు, బయటి హార్డు డిస్కులు అన్నీ పీకేయండి. పైన డిస్కుల జాబితా ఉంటుంది. పేర్లు గందరగోళంగా ఉంటాయి, సైజు చూసి పట్టుకోండి. 32 జీబీ అని రాసున్న కార్డు విండోస్ లెక్కలో 29 చిల్లరగా కనబడుతుంది, తగ్గిందని భయపడకండి. 465 లాంటి పెద్ద అంకె ఉన్నది మీ కంప్యూటరు సొంత డిస్కు, దాన్ని ముట్టుకోవద్దు.

దాని కింద పార్టిషన్లు, అంటే ఆ డిస్కులోని భాగాలు. డిలీట్ మాత్రమే అయితే ఫ్యాట్ అని ఉన్న వరస ఎంచుకుని, కింద "ఫ్రీ" పెట్టండి, ఖాళీ అనుకుంటున్న చోట మాత్రమే వెతుకుతుంది. ఫార్మాట్ అయినా, కార్డు పాడైనా డిస్కంతా అని ఉన్న వరస ఎంచుకుని "హోల్" పెట్టండి. ఫైల్ సిస్టం అడిగే చోట రెండో గడి, ఫ్యాట్ ఉన్నది. మొదటిది లినక్స్ డిస్కులకు.

ఫైల్ ఫార్మాట్స్ బటన్లో అన్నీ టిక్ అయి ఉంటాయి. నేనైతే అన్నీ తీసేసి జేపీజీ (జేపెగ్ ఫోటోలే), ఎమ్ఓవీ రెండే ఉంచుతాను. ఎంపీ4 వీడియోలు కూడా ఆ ఎమ్ఓవీ కిందికే వస్తాయి. పెళ్లి ఫోటోలు తీసే తమ్ముళ్లు రా ఫైళ్ల కోసం టిఫ్ కూడా పెట్టుకోవాలి. అన్నిటికీ టిక్ ఉంచే మొదలుపెడితే వందల కొద్దీ పనికిరాని టెక్స్ట్ ముక్కలు వచ్చి పడతాయి, ఆ చెత్త ఊడ్చడానికి ఒక పూట.

చివరగా, దొరికినవి ఎక్కడ పెట్టాలో చెప్పే చోటు. బ్రౌజ్ అని ఉంటుంది. ఇదే, ఈ ఒక్క బటనే. దొరికిన ఫోటోలను అదే కార్డులో పెట్టకూడదు. ఎన్నిసార్లు చెప్పినా కార్డు ఎంచుకుని వస్తారు, "ఎక్కడివి అక్కడ్నే ఉంటయి గద అన్నా" అంటారు. ఉండవు. పంట కోసి, కోసిన వడ్లను ఇంకా కోయని మడిలోనే కుప్పపోసి తొక్కినట్టు అది. మొదటి ఫోటో దొరుకుతుంది, దాన్ని రాసిన చోట నలభయ్యోది చచ్చిపోతుంది. నలభయ్యోది దొరకలేదని మీకు ఎప్పటికీ తెలియదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒకసారి అదే చేశాను. మా నాయనమ్మ ఫోటోలున్న పెన్‌డ్రైవ్ పాడైతే, మొదటిసారి ఈ ప్రోగ్రాం దొరికిన సంబరంలో సేవ్ చేసే చోటు చూసుకోలేదు. ఆమె అరుగు మీద కూచుని చింతపండు గింజలు తీస్తున్న ఫోటో ఒకటి ఉండేది. ఇప్పుడు దాంట్లో చేట ఉంది, చేతులు ఉన్నాయి. మిగతాది బూడిద పలక.

కాబట్టి ముందే కంప్యూటరు డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరు చేసి పెట్టుకోండి, కార్డు సైజంత ఖాళీ ఉందో లేదో చూసి. బ్రౌజ్‌లో ఆ ఫోల్డరునే చూపించండి. పైన రాసి ఉన్న దారి సి: అని మొదలైతే సరే. మీ కార్డు అక్షరంతో మొదలైతే కుర్చీలోంచి లేచి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ ఎంచుకోండి.

పోయిన ఫైళ్లు కార్డులోవి కాక ఆ కంప్యూటరు హార్డు డిస్కులోవే అయితే తొవ్వ వేరు. అప్పుడు ఫోటోరెక్‌ను ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేయడమే తప్పు, అది కూడా దున్నడమే కాబట్టి. పక్కింటి కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, దొరికినవి ఇంకో బయటి డిస్కులో పెట్టాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ రకం డిస్కు ఉంటే పెద్దగా ఆశ పెట్టుకోకండి. డిలీట్ చేయగానే ట్రిమ్ అనే ఆజ్ఞ పోయి ఆ గడులను ఖాళీ చేయిస్తుంది.

వెతకడం, తర్వాత

సెర్చ్ నొక్కండి, వదిలేయండి. సెకనుకు 20 ఎంబీ చదివే రీడరైతే 32 జీబీ కార్డుకు అరగంట దాకా పడుతుంది. మధ్యలో కరెంటు పోతే కంగారు వద్దు, ఫోటోరెక్ కార్డు మీద ఏమీ రాయదు, చదువుతుంది అంతే. కరెంటు వచ్చాక మళ్లీ మొదలు పెట్టండి.

మీరు చూపించిన ఫోల్డర్లో రీకప్ డిర్ 1, 2, 3 అని ఫోల్డర్లు పుడతాయి. పాత పేర్లు ఉండవు. ఎఫ్ అక్షరం, వెనక అంకెలు, అంతే. పహాణీ చూడలేదు కదా, పంట ఏమిటో చెబుతుంది కానీ పట్టాదారు ఎవరో ఎక్కడ చెబుతుంది! టి అక్షరంతో మొదలయ్యేవి ఫోటోల లోపల దాగి ఉండే చిన్న నకళ్లు. వాటిని పడేసేముందు చూడండి, పెద్ద ఫోటో సగం పోయినా చిన్నది ఒక్కోసారి నిండుగా ఉంటుంది. పెద్దాయన మనవరాలివి అట్లా పదకొండు దొరికాయి, అరచేతిలో సగం సైజుకు ప్రింటు తీసిచ్చాను. జేపెగ్ ఫోటోల్లో తీసిన తేదీ లోపలే రాసి ఉంటే ఫోటోరెక్ ఫైలు తేదీగా దాన్నే పెడుతుంది, కాబట్టి తేదీ వారీగా పేర్చుకుంటే జాతర జాతర ఒక దగ్గరికి, పెళ్లి పెళ్లి ఒక దగ్గరికి వస్తాయి.

వీడియోలు ఫోటోలంత నిండుగా రావు. పెద్ద ఫైలు కార్డులో నాలుగు చోట్ల ముక్కలై ఉంటే ఫోటోరెక్ వాటిని అతకలేదు.

కార్డులోవి కాక ఫోన్ లోపలి మెమరీలో ఫోటోలు పోతే వీటిలో ఏదీ పని చేయదు. గూగుల్ ఫోటోస్‌లో బిన్ చూడండి. బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. ఆ గడువు దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఛాయ్ పోసి పంపడం తప్ప చేయగలిగింది లేదు.

దొరికిన ఫోటోలను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి, ఒక్కొక్కటి తెరిచి చూశాకే ఆ కార్డును మళ్లీ ముట్టుకోండి. అప్పుడు లాకు మళ్లీ పైకి జరిపి, దాని మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం నడపండి. కార్డును నిండా నింపి, రాసింది రాసినట్టు తిరిగి వస్తోందా అని చూస్తుంది. అంగట్లో చవకగా కొన్న 128 జీబీ కార్డు లోపల 8 జీబీయే ఉంటే ఇది బయట పెడుతుంది. ఆ ప్రోగ్రాంలో ఫలితం ఎర్రగా వచ్చిన కార్డును నేను కత్తెరతో రెండు ముక్కలు చేస్తాను, పక్కన పెడితే పిల్లలు మళ్లీ కెమెరాలో వేస్తారు.