పీఎస్‌ఆర్ లాకింగ్ ప్యాచ్ రివ్యూ: సమస్య - పరిష్కారం

తెర మీద బొమ్మ మారనంతసేపూ ప్యానెల్ తన సొంత మెమరీలోంచే దాన్ని చూపిస్తుంది, ఆలోగా జీపీయూ వైపు లింకు నిద్రపోవచ్చు. ల్యాప్‌టాప్ లాంటివాటిలో తెరను జీపీయూకు కలిపే ప్రమాణం ఈడీపీ 1.3తో వచ్చిన ఈ ఏర్పాటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, అంటే పీఎస్‌ఆర్. లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 డ్రైవర్లో దీని స్థితికి కాపలా ఒక మ్యూటెక్స్, అంటే ఒకసారి ఒక్కరికే దొరికే లాకు. ఆ లాకును అటూఇటూ జరిపే ప్యాచ్ (కోడ్ మార్పు) వస్తే నేను ముందు చూసేది ఒకటే: లాకు చేతిలో ఉండగా ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు?

తెర ఆపగానే మెషిన్ బిగుసుకుపోతోంది. లాగ్‌లో 120 సెకన్ల హంగ్ టాస్క్ హెచ్చరిక

కారణం: పీఎస్‌ఆర్‌ను ఆపే డిజేబుల్ ఫంక్షన్ తన చేతిలో లాకు ఉండగానే, వర్క్‌ను (వెనకాల విడిగా నడిచే పనిని) సింక్ పద్ధతిలో, అంటే అది ముగిసేదాకా ఆగి, క్యాన్సిల్ చేస్తోంది. వర్క్ ముగిసేదాకా ఫంక్షన్ కదలదు. వర్క్ ఏమో మొదటే అదే లాకు అడుగుతోంది.

పరిష్కారం: లాకు లోపల ఎనేబుల్డ్ ఫ్లాగ్ (పీఎస్‌ఆర్ ఆన్‌లో ఉందని చెప్పే గుర్తు) దించి, లాకు వదిలి, ఆ తర్వాతే క్యాన్సిల్ చేయాలి. వర్క్‌కు లాకు దొరికాక ఫ్లాగ్ చూసుకుని వెనుదిరగాలి. సింక్ తీసేసి చేతులు దులుపుకునే ప్యాచ్‌లు కూడా వస్తాయి. హ్యాంగ్ పోతుంది నిజమే, కానీ డ్రైవర్‌ను దించేటప్పుడు విడుదలైన మెమరీ మీద వర్క్ నడిచే ప్రమాదం మిగులుతుంది. ఒప్పుకోకండి.

హార్డ్‌వేర్ ఐడిల్ అయ్యేదాకా ఆగడానికి మధ్యలో లాకు వదిలే చోట్లా ఇదే జాగ్రత్త. లాకు మళ్లీ తీసుకున్నాక పీఎస్‌ఆర్ ఇంకా కావాలో లేదో మళ్లీ చూడాల్సిందే.

టైప్ చేసిన అక్షరాలు మౌస్ కదిపితే గానీ కనబడటం లేదు

కారణం: బిజీ బిట్లు (తెర మీద ఇంకా గీత సాగుతోందని చెప్పే గుర్తులు) లేవని చూడటం లాకు బయట, పీఎస్‌ఆర్ ఆన్ చేయడం లోపల. ఆ సందులో ఇంకో సీపీయూ నుంచి ఇన్‌వాలిడేట్ (బొమ్మ మారబోతోందన్న కబురు) వస్తుంది, బిట్ పెడుతుంది, పీఎస్‌ఆర్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది కదా అని వెళ్లిపోతుంది. తర్వాత ఆన్ అయిన ప్యానెల్ పాత బొమ్మనే పట్టుకు కూర్చుంటుంది.

పరిష్కారం: చూడటం, ఆన్ చేయడం ఒకే లాకు కింద జరగాలి. బిట్లను అటామిక్‌గా (ఒక్కో మార్పూ మధ్యలో తెగకుండా) మార్చితే ఈ సందు మూసుకోదు.

ఇంటరప్ట్ దారిలో మ్యూటెక్స్

మ్యూటెక్స్ దొరక్కపోతే అడిగిన కోడ్ నిద్రపోతూ ఆగుతుంది, హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే బదులిచ్చే ఇంటరప్ట్ కోడ్ నిద్రపోకూడదు. నిద్రపోకూడని చోట నిద్రపోయారని కెర్నల్ తిడుతుంది. ఆ పనిని వర్క్‌క్యూకు (తర్వాత విడిగా నడిపే పనుల వరసకు) తోసేయండి.

లాక్‌డెప్ హెచ్చరించింది, కానీ ఏదీ ఆగలేదు

లాక్‌డెప్ అంటే లాకుల వరసను గమనించే కెర్నల్ పరికరం. కోడ్‌లో ఒక దారి పీఎస్‌ఆర్ లాకు తర్వాత ఎఫ్‌బీసీ (తెర బొమ్మను కుదించే ఏర్పాటు) లాకు, ఇంకో దారి తిరగేసి తీసుకుంటున్నాయి. రెండూ ఢీకొనే రోజు ఇంకా రాలేదంతే. వరస ఒకటే చేయించండి. అన్నట్టు, లాక్‌డెప్ ఒకసారి రిపోర్టిచ్చాక తనను తాను ఆపేసుకుంటుంది. రీబూట్ చేయకుండా కొత్త ప్యాచ్‌ను పరీక్షించి హెచ్చరిక రాలేదంటే అది లెక్కలోకి రాదు.