ఎన్‌సీఎస్ రీడింగ్ తేడా కొడుతోందా? నరాన్ని అనుమానించే ముందు ఇవి చూడండి

ఎన్‌సీఎస్ అంటే నెర్వ్ కండక్షన్ స్టడీ: నరానికి చిన్న కరెంటు షాకిచ్చి, సిగ్నల్ ఎలా వెళ్తోందో తెర మీద తరంగంగా చూసే పరీక్ష. ఇందులో వేగం పడిపోతే ఆక్సాన్ (నరంలోని సన్నని తంతువు) మీది మైలిన్ అనే కొవ్వు తొడుగు దెబ్బతిన్నట్టు, తరంగం ఎత్తు తగ్గితే ఆక్సాన్లే పోయినట్టు. చిక్కేమిటంటే, పరీక్ష చేసే తీరులో లోపమున్నా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

సమస్య: అన్ని నరాల్లోనూ వేగం కాస్త తక్కువ

కారణం: చాలాసార్లు చల్లని చెయ్యి. ఏసీ గదుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. మైలిన్ ఉన్న తంతువులో సిగ్నల్ రాన్వియర్ కణుపుల (మైలిన్ తొడుగు మధ్య ఖాళీల) దగ్గరే మళ్లీ పుంజుకుంటుంది. అక్కడి సోడియం ఛానెళ్లు (సోడియాన్ని లోపలికి వదిలే సూక్ష్మ ద్వారాలు) చలికి ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆ ఆలస్యం కణుపు కణుపుకీ కలుస్తూ పోతుంది. డిగ్రీ సెల్సియస్ తగ్గితే వేగం సెకనుకు సుమారు 1.5 నుంచి 2.5 మీటర్లు పడిపోతుంది. ఆ ఛానెళ్లు మూసుకోవడమూ ఆలస్యమే కాబట్టి తరంగం ఎత్తుగా, వెడల్పుగా వస్తుంది. వేగం తగ్గి ఎత్తు పెరిగిందంటే జబ్బు కన్నా చలినే ముందు అనుమానించాలి.

పరిష్కారం: గోరువెచ్చని నీళ్లతోనో హీటింగ్ ప్యాడ్‌తోనో వెచ్చచేయండి. చర్మం చేతి దగ్గర 32, కాలి దగ్గర 30 డిగ్రీలు దాటాక మళ్లీ తీయండి. ఫార్ములాతో సరిదిద్దడం తేలికే గానీ, దెబ్బతిన్న నరానికి ఆ లెక్క నప్పదు.

సమస్య: ఒక్క నరంలోనే వేగం తేడా

ముందు టేపుతో కొలిచిన దూరం సరిగా ఉందో చూడండి. మోచేయి నుంచి మణికట్టుకు 220 మి.మీ., లేటెన్సీలు (ఆ రెండు చోట్ల షాకిచ్చాక తరంగం మొదలవడానికి పట్టిన సమయాలు) 7.6, 3.6 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 55 మీటర్లు. దూరం 10 సెం.మీ. లోపుంటే సెంటీమీటరు పొరపాటే పది శాతం తేడా తెస్తుంది. మోచేయి లోపలి వైపు నుంచి చిటికెన వేలి వైపుకు వెళ్లే అల్నార్ నరానికి మోచేయి వంచి కొలవాలి. చాపి కొలిస్తే అక్కడ లేని మందగమనం కనిపిస్తుంది.

సమస్య: తరంగం ఎత్తు చాలడం లేదు

కారణం: ఒక్కో ఆక్సాన్ స్పందిస్తే పూర్తిగా స్పందిస్తుంది, లేకుంటే అసలు లేదు. కరెంటు చాలకపోతే కొన్ని ఆక్సాన్లే పలుకుతాయి, ఎత్తు తగ్గుతుంది.

పరిష్కారం: కరెంటు పెంచుతూ పోండి. ఎత్తు పెరగడం ఆగాక ఇంకో 20 శాతం చాలు. అత్యాశకు పోతే పక్క నరానికి పాకి, తరంగం ఆకారమే మారిపోతుంది. మోచేతి దగ్గర మాత్రమే తక్కువొస్తే స్టిమ్యులేటర్ (షాకిచ్చే పరికరం) కొంచెం జరిపి గట్టిగా నొక్కండి. అప్పటికీ మణికట్టు దగ్గరి ఎత్తుతో పోలిస్తే సగానికి పైగా తగ్గుదల ఉంటే కండక్షన్ బ్లాక్‌గా, అంటే మధ్యలో సిగ్నల్ ఆగిపోతున్నట్టుగా ఆలోచించవచ్చు.

సమస్య: తరంగం మొదట్లో కిందికి దిగుతోంది

యాక్టివ్ ఎలక్ట్రోడ్ (కండ స్పందనను పట్టే బిళ్ల) కండ నడిమధ్యన లేదు. బొటనవేలి మొదట్లో కండ ఉబ్బే చోటికి జరపండి. గీత నిండా 50 హెర్ట్జ్ గరగర ఉంటే చర్మం తుడిచి, ఎర్త్ ఎలక్ట్రోడ్‌ను స్టిమ్యులేటర్‌కీ రికార్డింగ్ ఎలక్ట్రోడ్‌కీ మధ్య పెట్టండి.

సమస్య: అంతా నార్మల్, రోగికి మాత్రం అరికాళ్ల మంటలు

ఈ పరీక్ష పట్టుకునేది మైలిన్ ఉన్న పెద్ద తంతువులనే. మంటను మోసేవి సన్నవి, వాటిలో మైలిన్ లేని సి తంతువుల వేగం సెకనుకు 2 మీటర్ల లోపే. నార్మల్ రిపోర్టు చూపి నరాల జబ్బు లేదనడం తప్పు. షుగర్, బి12 చూసి, అవసరమైతే స్కిన్ బయాప్సీకి పంపాలి.