న్యాక్‌కి పాస్టర్ల ప్లేస్‌మెంట్ ఎలా చూపించామంటే (నా అనుభవం)

బెంగళూరులో ఒక క్రిస్టియన్ యూనివర్సిటీలో ఐక్యూఏసీ (యూనివర్సిటీ లోపల నాణ్యత చూసే విభాగం) పని చూస్తున్నా. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడులిచ్చే న్యాక్ ఆఫీసు నాగరభావిలోనే, సిటీ బస్సెక్కితే చాలు, కానీ అంతా పోర్టల్‌లోనే, వెళ్ళి అడుగుదామంటే కుదరదు. న్యాక్ చూసే 7 క్రైటీరియాల్లో మమ్మల్ని ఏడిపించింది ఐదోది, స్టూడెంట్ సపోర్ట్ అండ్ ప్రోగ్రెషన్, అందులోనూ చదువయ్యాక స్టూడెంట్లు ఏమయ్యారో చూపే భాగం. ఎస్‌ఎస్‌ఆర్‌లో (న్యాక్‌కి మేమే రాసిచ్చే సెల్ఫ్ స్టడీ రిపోర్ట్) మావాళ్ళు, పాస్టర్లైన పాత స్టూడెంట్ల గురించి "అందరూ సేవలో ఉన్నారు" అని నంబరేసి ఊరుకున్నారు, డీవీవీ (మేమిచ్చిన లెక్కల్ని సరిచూసే న్యాక్ దశ) వాళ్ళేమో అపాయింట్‌మెంట్ లెటర్లు పెట్టమన్నారు. పాస్టర్‌కి ఆఫర్ లెటర్ ఎవరిస్తారండీ బాబూ!

ఇక పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో పడ్డా, "తమ్ముడూ, నిన్ను ఏ చర్చికి వేశారో ఆ పోస్టింగ్ ఆర్డర్ లెటర్‌హెడ్ మీద, తేదీ సీలు కనపడేలా స్కాన్ చేసి పంపు" అని ఒక్కొక్కడికీ విడిగా. ఒకతను ప్రకాశం జిల్లా నుంచి సంఘ పెద్దలు రూళ్ళ కాగితం మీద రాసిచ్చింది పంపాడు, మూలన టీ మరక కూడా ఉంది. దానికి బిషప్ ఆఫీసు నుంచి ధ్రువీకరణ తెప్పించి జత చేశా. లెటర్ దొరకని పేర్లు మొహమాటం లేకుండా తీసేశాం, నంబరు తగ్గింది, మా పెద్దాయన మొహం మాడింది. ఎక్సెల్‌లో వరస నంబరూ పీడీఎఫ్ పేజీ నంబరూ కలిపాక మాత్రం ఆ మెట్రిక్ (ఆ ప్లేస్‌మెంట్ లెక్క) మీద మళ్ళీ ప్రశ్న రాలేదు.