అంతరిక్ష యుద్ధం రాద్దాం – 4వ పాఠం: ట్యాంకులో ఏం నింపాలి?

పోయిన పాఠంలో రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం నేర్చుకున్నాం. ఒక్కసారి గుర్తు చేసుకుందాం. నిండు ట్యాంకుతో నౌక బరువును ఖాళీ ట్యాంకుతో ఉన్న బరువుతో భాగించండి. వచ్చిన సంఖ్యకు కాలిక్యులేటర్‌లో ఎల్‌ఎన్ బటన్ నొక్కండి. దాన్ని ఎగ్జాస్ట్ వేగంతో, అంటే ఇంజన్ వెనక నుంచి వాయువు దూసుకెళ్లే వేగంతో గుణిస్తే డెల్టా-వీ వస్తుంది. అంటే ట్యాంకు ఖాళీ అయ్యేలోపు నౌక తన వేగాన్ని మొత్తం ఎంత మార్చుకోగలదో ఆ లెక్క. తరమడానికైనా, తప్పించుకోవడానికైనా, ఇంటికి చేరడానికైనా అందులోంచే ఖర్చు పెట్టాలి.

ఈసారి ఆ లెక్కతో యుద్ధనౌకకు ప్రొపెల్లెంట్ ఎంచుకుందాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఒక తేడా తెలియాలి. మామూలు రాకెట్‌లో మండే పదార్థమే వెనక నుంచి బయటికి పోతుంది. అణు రాకెట్‌లో అలా కాదు. వేడి పుట్టించేది రియాక్టర్‌లోని యురేనియం, అది ఇంధనం. ఆ వేడికి వాయువై బయటికి దూసుకెళ్లేది వేరే పదార్థం, అది ప్రొపెల్లెంట్. అమెరికా నెర్వా పేరుతో ఇలాంటి ఇంజన్లను నెవాడా ఎడారిలో నిజంగానే నడిపి చూసింది. 1973లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అందులో వాడింది హైడ్రోజన్. ఒకే వేడి దగ్గర తేలికైన అణువులు ఎక్కువ వేగంగా కదులుతాయి కాబట్టి, దాని ఎగ్జాస్ట్ వేగం సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు. హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండించే మంచి రాకెట్‌కైనా 4.5 దాటడం కష్టం.

ఇంతవరకూ చదివి చాలామంది తమ నౌకకు హైడ్రోజన్ రాసేస్తారు. మనం లెక్క వేసి చూద్దాం.

ఖాళీ నౌక 100 టన్నులు, ట్యాంకు 500 ఘనపు మీటర్లు అనుకోండి. ద్రవ హైడ్రోజన్ చాలా పలచన, ఘనపు మీటరుకు 71 కిలోలే. కాబట్టి ట్యాంకులో పట్టేది 35.5 టన్నులు. 135.5ను 100తో భాగిస్తే 1.355, దాని ఎల్‌ఎన్ 0.304. 8తో గుణిస్తే సెకనుకు 2.4 కిలోమీటర్లు.

అదే ట్యాంకులో మంచినీళ్లు నింపండి. 500 టన్నులు పడతాయి. నీటి అణువు బరువైనది, ఎగ్జాస్ట్ వేగం బాగా తగ్గుతుంది. ఉజ్జాయింపుగా 3.5 తీసుకుందాం. 600ను 100తో భాగిస్తే 6, దాని ఎల్‌ఎన్ 1.79. 3.5తో గుణిస్తే దాదాపు 6.3 కిలోమీటర్లు!

నీళ్లే గెలిచాయి, అదీ రెండున్నర రెట్లకు పైగా. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్లీ వేసి చూశాను. ఎగ్జాస్ట్ వేగం ఒక్కటే చూసి ప్రొపెల్లెంట్ ఎంచుకోకూడదని అప్పుడే అర్థమైంది.

అయితే రెండు నౌకలకూ 100 టన్నుల ప్రొపెల్లెంటే ఇచ్చి, ట్యాంకు ఎంత పెద్దదైనా పర్లేదంటే హైడ్రోజన్‌కు 5.5, నీళ్లకు 2.4 వస్తాయి. హైడ్రోజనే మేలు. కానీ ఆ హైడ్రోజన్ పట్టడానికి 14 మీటర్ల వ్యాసం ఉన్న గోళం కావాలి. నీళ్లకు 6 మీటర్ల లోపు గోళం సరిపోతుంది. గురిపెట్టిన శత్రువుకు హైడ్రోజన్ ట్యాంకు వైశాల్యంలో దాదాపు ఆరు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పైగా హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర కాపాడుకుంటూ ఉండాలి. సరుకు నౌకకు అది పర్లేదు. గుండ్లు తగిలే నౌకకు నేనైతే నీళ్లే ఇస్తాను. సిబ్బందికి, రియాక్టర్‌కు మధ్య ఆ ట్యాంకు పెడితే రేడియేషన్‌ను కూడా అడ్డుకుంటుంది. ఒక జాగ్రత్త: నెర్వా లాంటి గ్రాఫైట్ రియాక్టర్‌ను అంత వేడి ఆవిరి తినేస్తుంది. మీ రియాక్టర్ దేనితో చేసిందో కథలో ఒక్క మాట రాయండి.

క్షిపణి సంగతి వేరు. నెలల తరబడి కదలకుండా ఉండి, బటన్ నొక్కగానే మండాలి. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో యూహెచ్25, నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే రెండు ద్రవాలు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి తాకితే చాలు, నిప్పు పుడుతుంది. మామూలు వేడిలోనే నిల్వ ఉంటాయి. మీ క్షిపణులకు ఈ జాతి ద్రవాలే నప్పుతాయి.

ఇంకా భయంకరమైనది కావాలంటే క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ ఉంది. ఇసుకను, కాంక్రీటును, ఆస్‌బెస్టాస్‌ను కూడా మండిస్తుంది. నీళ్లు పోస్తే పేలుతుంది. ఉక్కు ట్యాంకు లోపల పల్చటి ఫ్లోరైడ్ పొర ఏర్పడి దాన్ని ఆపుతుంది, ఆ పొర చెడిపోతే ట్యాంకే మండుతుంది. దీన్ని మనుషులున్న నౌకలో పెట్టకండి. పెడితే ఆ టెన్షనే కథ కావాలి, దాన్ని ఒక వాక్యంలో తేల్చేయకూడదు. 1960లలో అమెరికాలో కరిగిన లిథియం, ద్రవ ఫ్లోరిన్, హైడ్రోజన్ మూడూ కలిపి మండించారు. ఎగ్జాస్ట్ వేగం 5.3 కిలోమీటర్ల దాకా వచ్చింది. లిథియం 180 డిగ్రీల పైన ఉంటేనే ద్రవంగా ఉంటుంది, పక్క ట్యాంకులో హైడ్రోజన్ మైనస్ 253. ఒక్క తూటాకు ఆ రెంటి మధ్య గోడ చిల్లు పడితే ఏమవుతుందో ఊహించి రాయండి.

ఇప్పుడు మీ వంతు.

మొదటి లెక్క: మన 500 ఘనపు మీటర్ల ట్యాంకులో ద్రవ అమ్మోనియా నింపండి. ఘనపు మీటరుకు 680 కిలోలు, ఎగ్జాస్ట్ వేగం 4.5 అనుకోండి. 6.7 దగ్గర రావాలి. రాకపోతే మీరు 340 టన్నులకు ఖాళీ నౌక బరువు కలపడం మర్చిపోయి ఉంటారు.

రెండోది కథ కోసం. నీళ్ల నౌకకు దెబ్బ తగిలింది. చిల్లు మూసేలోపు సగం నీళ్లు కారిపోయాయి. "సగం పోయింది కెప్టెన్" అంటాడు ఇంజనీరు. మిగిలిన 250 టన్నులతో లెక్క వేయండి. 350ను 100తో భాగిస్తే 3.5, ఎల్‌ఎన్ 1.25, డెల్టా-వీ 4.4. సగం నీళ్లు పోయినా పోయింది 30 శాతమే. అదీ కాక 600 టన్నుల నౌక ఇప్పుడు 350 టన్నులే, అదే ఇంజన్‌తో ఇందాకటి కంటే చురుగ్గా కదులుతుంది. శత్రువు కెప్టెన్‌కు ఈ లెక్క తెలియదనుకుని, తర్వాతి పది నిమిషాల యుద్ధం రెండు పేజీల్లో రాయండి.