ఎండాకాలం క్యాంపులు మొదలవుతున్నాయ్, మొదటి పది రోజులు కాస్త జాగ్రత్త

పది, ఇంటర్ పరీక్షలు అయిపోయాయి కదా, ఇంకో వారంలో ఏ ఊళ్ళో చూసినా గ్రౌండ్లు నిండిపోతాయి. క్రికెట్, కబడ్డీ, అథ్లెటిక్స్, షటిల్, అన్ని క్యాంపులూ మే నెలలోనే. ఏడాది మొత్తంలో మన పిల్లలకి ట్రైనింగ్‌కి దొరికే ఒకే ఒక్క పెద్ద సెలవు సరిగ్గా రోళ్ళు పగిలే ఎండల్లో పడింది, దానికి మనం చేసేదేం లేదు. నేను పద్నాలుగేళ్ళుగా ఫిట్‌నెస్ ట్రైనర్‌గా చేస్తున్నా, స్కూలు పిల్లల నుంచి స్టేట్ ప్లేయర్ల దాకా అందర్నీ చూశా, భయపడి పరిగెత్తాల్సొచ్చిన సందర్భాలు దాదాపు అన్నీ క్యాంపు మొదటి వారంలోవే. చివర్లో పిల్లలు అలిసిపోతారు, కాళ్ళు నొప్పులంటారు అంతే. మొదట్లో మాత్రం కుప్పకూలిపోతారు.

ఎందుకంటే జనవరి నుంచి వీళ్ళు స్టడీ అవర్సు, ట్యూషను, మిగిలిన టైములో ఫోను. కొందరైతే ఏసీ హాస్టల్లో ఉండి వస్తారు. ఒళ్ళు ఎండకి అలవాటు పడాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే పని చేసినా గుండె అంతకుముందంత కొట్టుకోదు. ఇది పోయినేడు సంపాదించింది ఈ ఏడు పనికిరాదు, రెండు మూడు వారాలు ఎండ తగలకుండా ఉంటే చాలా వరకు పోతుంది. "మావాడు పోయినేడు స్టేట్ ఆడాడు సార్, వాడికేం కాదు" అనే నాన్నలకి నేను చెప్పేది ఇదే.

స్టేట్ దాకా ఎందుకు, అమెరికా ఫుట్‌బాల్‌లో కోరీ స్ట్రింగర్ అని మిన్నెసోటా వైకింగ్స్ ప్లేయరు, 27 ఏళ్ళు, ప్రొఫెషనల్, చుట్టూ డాక్టర్లు, ట్రైనర్లు, అయినా 2001లో ట్రైనింగ్ క్యాంపు రెండో రోజు వడదెబ్బకి పడిపోయి మర్నాడు చనిపోయాడు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ కుర్రాడు జోర్డన్ మెక్‌నెయిర్, 19 ఏళ్ళు, స్ప్రింట్లు కొట్టిస్తుంటే పడిపోయాడు, వెంటనే చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టలేదు, రెండు వారాల తర్వాత పోయాడు. డబ్బు, సదుపాయాలు అన్నీ ఉన్న చోట జరిగినవి ఇవి.

సరే, ఏం చేయాలి. నా పద్ధతి చెప్తా, మొదటి మూడు రోజులు నలభై నిమిషాలు దాటనివ్వను, టైమింగులు తీయను, పోటీలు పెట్టను. ముఖ్యంగా మొదటి రోజే 1600 మీటర్లు, యోయో టెస్టు, బీప్ టెస్టు (బీప్ శబ్దానికి తగ్గట్టు వేగం పెంచుతూ ఇక నావల్ల కాదనేదాకా పరిగెత్తించేవి) పెట్టే కోచ్‌లకి దండం, పిల్లలు కొత్త కోచ్ దగ్గర పేరు కొట్టేయాలని ప్రాణం మీదికి తెచ్చుకుంటారు, ఆ టెస్టు పదో రోజు పెడితే కొంపేం మునగదు. నాలుగో రోజు నుంచి రోజుకో పది నిమిషాలు పెంచుకుంటూ పోతా. రెండు పూటల ప్రాక్టీసు రెండో వారంలోనే, అదీ రోజు విడిచి రోజు. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు, ఆ రోజు ఇంకో క్యాంపుకి పంపొద్దు ప్లీజ్ (పొద్దున క్రికెట్, సాయంత్రం స్విమ్మింగ్, మధ్యలో డాన్సు, ఇలాంటి పిల్లలు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు తగుల్తారు).

టైము సంగతికొస్తే పొద్దున అయిదుంపావుకి మొదలెట్టి ఏడుకల్లా ముగించాలి. సాయంత్రం అయిదింటికి ఎండ వాలినట్టు కనిపిస్తుంది కానీ నేల సెగ కక్కుతూనే ఉంటుంది, సిమెంటు కోర్టులూ సింథటిక్ ట్రాకూ ఆర్టిఫిషియల్ టర్ఫూ అయితే మరీ, చెయ్యి పెట్టి చూడండి, పది సెకన్లు ఆన్చలేకపోతే ఆరింటి తర్వాతే దిగండి. రెంటచింతల, రామగుండం వైపు వాళ్ళకి ఎండ ఎక్కువని అందరికీ తెలుసు, వాళ్ళు జాగ్రత్తగానే ఉంటారు. మోసపోయేది మచిలీపట్నం, కాకినాడ, విశాఖ వైపు. థర్మామీటర్లో 35 ఉంటుంది, గాల్లో తడి వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, కారడం వేరు ఆరడం వేరు. ఇంకో చోటు షటిల్ ఇండోర్ కోర్టు. కాక్ గాలికి కొట్టుకుపోతుందని తలుపులు, కిటికీలు, ఫ్యాన్లు అన్నీ ఆపేస్తారు, పైన రేకులు. నీడలోనే ఉన్నాం కదా అనుకుంటారు, లోపల కుంపటే. గేమ్ గేమ్‌కి మధ్య తలుపులు తీసి అయిదు నిమిషాలు పిల్లల్ని బయట కూర్చోబెట్టండి.

నీళ్ళ గురించి అందరూ చెప్తారు కాబట్టి ఒక్క చిట్కా చెప్పి వదిలేస్తా, ఒక బరువు తూచే మిషన్ కొనండి. ప్రాక్టీసుకి ముందు, తర్వాత తూచండి. యాభై కేజీల పిల్లాడు కేజీ కన్నా ఎక్కువ తగ్గాడంటే నీళ్ళు చాలట్లేదని, తగ్గిన ప్రతి కేజీకి లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా నెమ్మదిగా తాగించాలి. బరువు పెరిగాడంటే అతిగా తాగుతున్నాడని, ఉత్త నీళ్ళు అతిగా తాగినా రక్తంలో ఉప్పు పడిపోయి ప్రమాదమే. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ చాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరని ఉంటే లీటరులోనే కలపండి, గ్లాసులో కలిపి చిక్కగా తాగించేవాళ్ళని చూశా.

ఇప్పుడు అసలు విషయం. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుంది, ఒళ్ళు పొడిగా అయిపోతుంది అని చిన్నప్పట్నుంచీ విన్నాం. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళకి అలా జరగొచ్చు, గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లాడికి మాత్రం చెమట ధారలు కడుతుండగానే తగుల్తుంది. చూడాల్సింది వాడి తల. తూలుతున్నాడా, అడిగిందానికి సంబంధం లేని జవాబు చెప్తున్నాడా, ఉన్నట్టుండి కోపంగా తోసేస్తున్నాడా, వాంతి చేసుకున్నాడా. నాలుగేళ్ళ కింద మా క్యాంపులో రెండో రోజు ఒక పదిహేనేళ్ళ కుర్రాడు బాటిల్ అందిస్తే నా చేతి మీద కొట్టి బూతు తిట్టాడు, ఎప్పుడూ "సార్, సార్" అనే పిల్లాడు. పక్కనున్నవాళ్ళు పొగరు అనుకున్నారు. నిమిషంలో మోకాళ్ళ మీద పడ్డాడు.

అప్పుడు చేయాల్సింది ముందు చల్లార్చడం, తర్వాతే తీసుకెళ్ళడం. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగిలినవాళ్ళు పిల్లాణ్ణి తొట్టిలోకి దించాలి, చంకల కింద నుంచి తువ్వాలు వేసి ఒకరు పట్టుకోవాలి, తల నీళ్ళపైన ఉండాలి, ఐసు వేసి నీళ్ళు కలుపుతూ ఉండాలి. లోపలి వేడి 40 డిగ్రీలు దాటిన మనిషిని అరగంటలోపు చల్లార్చగలిగితే దాదాపు అందరూ బతుకుతారు, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరిగెడితే ఆ అరగంట రోడ్డు మీదే పోతుంది. తొట్టి లేదా, పైపుతో నీళ్ళు కొడుతూనే ఉండండి, ఐసు నీళ్ళలో ముంచిన తువ్వాళ్ళు ఒళ్ళంతా కప్పి రెండు నిమిషాలకోసారి మార్చండి, ఫ్యాన్ పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, పారాసిటమాల్ వెయ్యొద్దు, ఇది జ్వరం కాదు. చంకలో థర్మామీటర్ 38 చూపించిందని ఊరుకోవద్దు, అది లోపలి వేడి చెప్పదు. మేం ఆ రోజు వాడింది పిచ్‌కి నీళ్ళు పట్టే డ్రమ్ములు, ఆ తర్వాత ఏడు నుంచి పెద్ద ప్లాస్టిక్ తొట్టి కొన్నాం, చేపల మార్కెట్లో ఐసు అమ్మే అతనితో మాట్లాడుకుని రోజూ ఒక దిమ్మ తెప్పిస్తాం. వాడకపోతే పిల్లలు కాళ్ళు పెట్టుకుని ఆడుకుంటారు.

ఎండ కాకుండా రెండో ప్రమాదం శిక్షగా తీయించే గుంజీలు. లేటుగా వస్తే వంద, క్యాచ్ వదిలేస్తే రెండొందలు. నా చిన్నప్పుడు ఒక కోచ్ మొదటి రోజే మూడొందలు తీయించాడు, నాలుగు రోజులు మెట్లు దిగలేక కూర్చుని జారా, అప్పుడది నవ్వులాట. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా అలా పిండితే కండరం విరిగి ఆ చెత్త రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. తొడలు వాచి ముట్టుకోనివ్వకపోతే, మూత్రం కోలా రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి, "కొత్త కదా సర్దుకుంటుంది" అనొద్దు. శిక్షకి వేరే మార్గాలు బోలెడు, నేనైతే కోన్లు సర్దిస్తా.

బరువులెత్తితే పొడుగు పెరగరు అనే మాట ఇంకా నడుస్తోంది. సరిగ్గా నేర్పితే అలాంటిదేం లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి చిన్నప్పుడే బరువులు పట్టి 2000 సిడ్నీలో 240 కేజీలతో కాంస్యం తెచ్చింది. నేర్పే విధానంలోనే ఉంది, ముందు పైపుతోనో కర్రతోనో రెండు వారాలు, తర్వాత పది పన్నెండు సార్లు తేలిగ్గా ఎత్తగలిగే బరువు, వారానికి రెండు మూడు రోజులు, ఎవరెంత ఎత్తుతారో చూద్దాం అనే పందెం అసలొద్దు. మూడు నెలలకోసారి గోడ మీద ఎత్తు గీత గీయండి, అమ్మాయిలు పన్నెండు దగ్గర్లో, అబ్బాయిలు పద్నాలుగు దగ్గర్లో ఒక్కసారిగా పొడుగవుతారు, ఆ నెలల్లో మోకాలి కింద బుడిపె దగ్గర, మడమ వెనక నొప్పి వస్తుంది, గెంతులు తగ్గించాలి. ఫాస్ట్ బౌలర్లకి నెట్స్‌లో వేసే బంతులు కూడా లెక్కే, రాసి పెట్టండి. బుమ్రా అంతటివాడికి 2019లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది, 2023లో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ దాకా వెళ్ళింది.

చేర్చుకునేటప్పుడు ఫీజు కన్నా ముందు నాలుగు అడగండి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డాడా, ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్ళు ఉన్నారా, ఈ వారంలో జ్వరం, విరేచనాలు ఉన్నాయా, జలుబు మాత్రలేమైనా వేసుకుంటున్నాడా. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలైతే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కార్డు చూడండి, ఆ జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చిన పిల్లలు ఆటకి పనికిరారని కాదు, వాళ్ళని గుక్క తిప్పుకోనివ్వకుండా వరస స్ప్రింట్లు కొట్టించకూడదంతే. అమ్మాయిలకి మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే తిండి చాలట్లేదేమో అని అనుమానించాలి, అది మగ కోచ్‌కి చెప్పరు, ఒక మేడమ్‌ని పెట్టుకోండి. డబ్బా పొడులు, ప్రీ వర్కౌట్లు పిల్లలకి అక్కర్లేదు, పెద్ద ప్లేయర్లయితే ఇంకా జాగ్రత్త, డబ్బాలో రాయని మందు ఏదైనా కలిసి నాడా (డోపింగ్‌ని పట్టుకునే జాతీయ సంస్థ) టెస్టులో దొరికితే "నాకు తెలీదు" అంటే వదలరు.

ఆ కుర్రాడి సంగతి చాలామంది అడుగుతుంటారు. బతికాడు, బాగున్నాడు. మూడో రోజే "సార్, రేపొస్తా" అని ఫోన్ చేశాడు. వారం పూర్తిగా ఇంట్లోనే ఉంచమన్నాం, తర్వాత కిడ్నీ, లివర్ రక్త పరీక్షలు మామూలుగా వచ్చి డాక్టరు సరేనన్నాకే గ్రౌండ్‌కి రానిచ్చాం, అదీ పొద్దున ఇరవై నిమిషాల నడకతో మొదలు. వాళ్ళమ్మ నెల రోజులు గేటు దగ్గర స్కూటీ మీద కూర్చునే ఉంది, మేం వద్దనలేదు.